తేమ మిషను ఎవరి చేతిలో ఉంది?

ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో సంఘం కార్యకర్తలకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే గొడవ మీద వస్తాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం అని చీటీ రాసి పంపిన లోడు మిల్లు గేటు దగ్గరికి చేరేసరికి 19 అవుతుంది. అదే ధాన్యం, అవే సంచులు, గంట ప్రయాణం. దారిలో వాన చినుకు కూడా పడలేదు. మారిందల్లా మిషను పట్టుకున్న చెయ్యి. బస్తాకు ఇంతని తరుగు ఒప్పుకుంటే లోడు దిగుతుంది. ఒప్పుకోకపోతే లారీ నిలబడిన ప్రతి పూటా ఖర్చు రైతు నెత్తిన పడుతుంది. కొలిచేవాడికి ఆ కొలతలో లాభం ఉండకూడదని మనం ఎన్ని వినతిపత్రాల్లో రాశామో లెక్క లేదు.

ఈ నెల అణు కేంద్రాల తనిఖీ గురించి రాస్తున్నాం. రైతు పత్రికలో అణు రియాక్టర్ల గొడవ ఏమిటని కొందరు అడగవచ్చు. కానీ చూడబోతే ఇది కూడా ఆ తేమ మిషను గొడవే.

పైగా ఇది మనకు దూరపు సంగతి కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ దగ్గర ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. అంటే 7,248 మెగావాట్లు ఒక్కచోటే. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం పనిచేస్తున్నాయి. నల్లమలలో యురేనియం తవ్వవద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానం చేసింది. కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేసి యురేనియం కోసం వెతుకుతారన్న వార్త రాగానే 2024 నవంబరులో ఊళ్లకు ఊళ్లే రోడ్డెక్కాయి. హైదరాబాదులో అణు ఇంధనం తయారుచేసే ఎన్.ఎఫ్.సి. 1971 నుంచీ ఉంది. తెలుగు రైతు పొలం గట్టుకూ ఈ పరిశ్రమకూ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

ఇక 2025 ఫిబ్రవరి బడ్జెట్లో కేంద్ర ప్రభుత్వం మరో మాట చెప్పింది. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు కావాలట. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్లు కేటాయించారు. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరవడానికి 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి అణు నష్టపరిహార చట్టాన్నీ సవరిస్తామన్నారు. రియాక్టర్లు ఎన్ని, డబ్బు ఎంత, చట్టాలు ఏవి అన్నవన్నీ ఆ ప్రసంగంలో ఉన్నాయి. ఆ రియాక్టర్లను తనిఖీ చేసేవాడు ఎవరి కింద ఉండాలన్న మాట మాత్రం లేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. అణు విద్యుత్తు విషయంలో మన సంఘంలోనే రెండు మాటలున్నాయి. బోరు మోటారుకు పగటిపూట తొమ్మిది గంటలు కరెంటు కావాలని అడిగేది మనమే, బొగ్గు పొగ వద్దనేదీ మనమే, మరి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని అడిగే సభ్యులున్నారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. భూమి పోయాక పరిహారం వచ్చినా రాకపోయినా ఊరు మాత్రం తిరిగి రాదనే సభ్యులున్నారు. వాళ్ల మాటా నిజమే. ఆ తగాదాను ఈ వ్యాసం తేల్చదు. కానీ రెండు వైపుల వాళ్లూ కలిసి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. కేంద్రం కట్టేవాళ్లు, నడిపేవాళ్లు తప్పు చేస్తే పట్టుకునే అధికారి ఎవరు? ఆయన జీతం, పదవి ఎవరి చేతిలో ఉన్నాయి?

మన దేశంలో ఆ పని చేసేది అణుశక్తి నియంత్రణ మండలి. ఎ.ఇ.ఆర్.బి. అంటారు. 1983 నవంబరు 15న ఏర్పడింది. స్థలం ఎంపిక దగ్గర నుంచి నిర్మాణం, ఇంధనం నింపడం, నడపడం వరకు ఒక్కో దశకు అనుమతి ఇచ్చేది ఇదే. నడిపే లైసెన్సు అయిదేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. పదేళ్లకోసారి మొత్తం కేంద్రం భద్రతను మొదటి నుంచి తిరిగి చూడాలి. యురేనియం గనులు, ఆసుపత్రుల్లోని ఎక్స్‌రే యంత్రాలు, క్యాన్సర్ చికిత్స యంత్రాలు కూడా దీని కిందికే వస్తాయి.

ఈ మండలిలో పనిచేసేవాళ్లంతా చేతగానివాళ్లని మనం అనడం లేదు. 2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రపార్‌లో, చెరకు తోటల మధ్య ఉన్న కేంద్రంలో, మొదటి యూనిట్ శీతలీకరణ గొట్టం లీకై రియాక్టరు ఆగిపోయింది. అది మళ్లీ నడిచింది 2019లోనే. లోపల గొట్టాలన్నీ మార్చి, మండలి ఒప్పుకున్న తరువాతే. కాబట్టి ఆపగలిగే అధికారం మండలికి కాగితం మీద ఉంది, అప్పుడప్పుడు వాడుతుంది కూడా. మన పేచీ అది ఎవరి ఇంట్లో కాపురం ఉంటోందన్నదే.

ఈ మండలి మొదటి నుంచీ జవాబు చెప్పుకుంటూ వచ్చింది అణుశక్తి సంఘానికి. ఆ సంఘానికి అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శి. ప్రభుత్వ అణు విద్యుత్ కేంద్రాలు నడిపే కార్పొరేషన్ ఆ శాఖ కిందిదే. యురేనియం తవ్వే కార్పొరేషన్ ఆ శాఖ కిందిదే. అంటే కేంద్రాలు కట్టాలని తాపత్రయపడే పెద్దమనిషి దగ్గరే, వాటిని తనిఖీ చేసే మండలి కూడా లెక్క అప్పజెప్పాల్సి వచ్చేది. అంతేనా? కేంద్రాల చుట్టుపక్కల ఊళ్లలో పాలు, కూరగాయలు, బియ్యం, చేపలు తెచ్చి అణుధార్మికత కొలిచే ప్రయోగశాలలు భాభా అణు పరిశోధన కేంద్రానివి. అదీ ఆ శాఖదే. ఆ ప్రయోగశాలల్లో కొలిచేవాళ్లు నిజాయితీగానే కొలుస్తూ ఉండవచ్చు. మిల్లు దగ్గర మిషను పట్టుకున్న గుమాస్తా కూడా స్వతహాగా మంచివాడే అయి ఉండవచ్చు. మన అభ్యంతరం గుమాస్తా మీద ఎప్పుడూ లేదు.

ఇది మనం కనిపెట్టిన లోపమూ కాదు. 1993 నుంచి 1996 వరకు ఆ మండలికి అధ్యక్షుడిగా పనిచేసిన డాక్టర్ ఎ. గోపాలకృష్ణన్ హయాంలో, 1995లో, దేశంలోని అణు కేంద్రాల్లో 130కి పైగా భద్రతా సమస్యల జాబితా తయారైంది. పదవి దిగిన తరువాత ఆయన ఇదే మాట బహిరంగంగా అంటూ వచ్చారు, మండలికి అణుశక్తి శాఖ నుంచి విడుదల కావాలని. ఆ కుర్చీలో కూర్చున్న మనిషే చెప్పిన మాట అది.

తరువాత 2012లో కాగ్ నివేదిక వచ్చింది. మన సభ్యుల్లో ఓపిక ఉన్నవాళ్లు దాన్ని సంపాదించి చదవాలి. అందులో రాసినవి కొన్ని చెబుతాం. 1983లో మండలిని పెట్టినప్పుడే దేశానికి అణు భద్రతా విధానం తయారుచేయమని చెప్పారు. 2012 నాటికి ఆ విధానం లేదు. మండలికి నియమాలు చేసే అధికారం లేదు, జరిమానా ఎంత వేయాలో నిర్ణయించే అధికారం లేదు. నియమాలు ఉల్లంఘిస్తే వేయగల గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. పొరపాటు పడలేదు, అయిదు వందలే. మనం 1,350 పెట్టి కొనే డి.ఎ.పి. బస్తాలో సగం కూడా రాదు. దేశంలోని వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో నూటికి 91 మండలి దగ్గర నమోదు కాకుండానే నడుస్తున్నాయి. ప్రమాదం ఎక్కువని మండలే వర్గీకరించిన పారిశ్రామిక రేడియోగ్రఫీ, రేడియోథెరపీ కేంద్రాల్లో జరగాల్సిన తనిఖీల్లో 85 శాతం జరగలేదు. ఆయుష్షు తీరిన రియాక్టర్లను విప్పి శుభ్రం చేయడానికి ప్రణాళిక ఉండాలని 1998లోనే మాన్యువల్ రాసుకున్నారు. పదమూడేళ్ల తరువాత కూడా ఒక్క కేంద్రానికీ ఆ ప్రణాళిక లేదు.

నమోదు లేకపోతే ఏమవుతుందో అంతకు రెండేళ్ల ముందే ఢిల్లీ చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో పాతికేళ్లుగా వాడకుండా మూలన పడి ఉన్న కోబాల్ట్-60 యంత్రాన్ని 2010లో పాత ఇనుము కింద వేలం వేశారు. అది మాయాపురి పాత సామాన్ల బజారుకు చేరింది. అక్కడ పనివాళ్లు దాన్ని విప్పారు. కొందరు ఆసుపత్రి పాలయ్యారు, ఒక మనిషి ప్రాణం పోయింది. వేలం వేసింది చదువుకున్నవాళ్లు, చచ్చిపోయింది కూలివాడు. తనిఖీ అధికారి రిజిస్టరులో ఆ యంత్రం ఊసే లేదు.

కాగ్ నివేదిక మీద పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం 2013లో గట్టిగానే మాట్లాడింది. మండలికి స్వతంత్ర ప్రతిపత్తి ఇవ్వాలంది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పంపిన నిపుణుల బృందం వచ్చి చూసి, నియంత్రణ మండలి స్వతంత్రతను చట్టంలోనే రాయండని సిఫారసు చేసింది. అంతకు ముందే 2011 సెప్టెంబరులో ఒక బిల్లు లోక్‌సభలో పెట్టారు. అందులోనూ అవసరమైతే ఆ సంస్థను ప్రభుత్వం పక్కన పెట్టే వీలు ఉంచుకున్నారు. ఆ బిల్లు కూడా 2014లో లోక్‌సభ గడువు తీరడంతో మురిగిపోయింది.

2011లోనే బిల్లు ఎందుకు పెట్టారంటే, ఆ ఏడాది మార్చి 11న జపాన్‌లో ఫుకుషిమా జరిగింది కాబట్టి. ఆ కేంద్రాన్ని 5.7 మీటర్ల అల తట్టుకునేలా కట్టారు. వచ్చిన సునామీ 14 మీటర్లు దాటింది. ఇది ఎవరూ ఊహించని విపత్తని మొదట చెప్పారు. కానీ ఆ కంపెనీ సొంత లెక్కల్లోనే 2008లో 15.7 మీటర్ల అల రావచ్చని తేలింది. ఆ లెక్క బీరువాలో ఉంది, గోడ ఎత్తు పెరగలేదు. తనిఖీ చేయాల్సిన సంస్థ ఏ శాఖ కింద ఉందంటే, అణు విద్యుత్తును ప్రోత్సహించే ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ కింద. జపాన్ పార్లమెంటు వేసిన విచారణ సంఘం 2012 జూలైలో ఇది మనుషులు చేసిన విపత్తని తేల్చింది. రెండు నెలలకే ఆ పాత సంస్థను రద్దు చేసి కొత్తది పెట్టారు. అంటే జపాన్ వాళ్లకు ఆ తేమ మిషను చేతులు మార్చడానికి అంత పెద్ద ప్రమాదం కావలసి వచ్చింది.

ఫుకుషిమా రైతుల సంగతి మన పత్రికలు పెద్దగా రాయలేదు. మనం కాస్త ఆగి చూడాలి. పొలాల్లో ఆరుబయట వదిలిన వరిగడ్డి మీద సీజియం పడింది. ఆ గడ్డి పశువుల మేతకు వేరే జిల్లాలకు కూడా పోయింది. జూలై వచ్చేసరికి ఆ పశువుల మాంసంలో పరిమితికి మించి సీజియం బయటపడింది. ప్రమాదం జరిగిన రోజు గడ్డి ఇంట్లో పెట్టుకోండని ఆ రైతులకు వేళకు చెప్పేవాళ్లుంటే ఆ మేత అలా అమ్ముడుపోయేది కాదు. మనకు ఆ గడ్డి అంటే ఏమిటో తెలుసు. కుప్పనూర్చాక గడ్డివాము పశువుకు ఏడాది పొడవునా తిండి. కేంద్రానికి 20 కిలోమీటర్ల లోపు నుంచి మనుషులను ఖాళీ చేయించారు, పశువులు దొడ్లలో కట్టేసి ఉండిపోయాయి. చాలా ఆకలితో చచ్చాయి. మిగిలినవాటిని చంపేయమని మే నెలలో ప్రభుత్వమే ఆదేశించింది. 2012 నుంచి ఆ జిల్లాలో పండిన బియ్యం ప్రతి సంచినీ యంత్రం మీద పెట్టి కొలిచారు. ఏటా కోటి సంచుల పని అది. పరిమితి కిలోకు 100 బెక్వెరల్. దాదాపు అన్నీ పరిమితి లోపే వచ్చాయి. అయినా ఫుకుషిమా పేరు చూసి కొనేవాళ్లు వెనక్కు తగ్గారు. పంటలో విషం లేకపోయినా ఊరి పేరులో ఉందంటే ధర పడుతుంది.

దూరం కాపాడుతుందా అంటే అదీ లేదు. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ పేలితే ఆ మేఘం బ్రిటన్ కొండల మీద వానగా కురిసింది. అక్కడ 9,800 కమతాల్లో 40 లక్షలకు పైగా గొర్రెల అమ్మకం మీద ఆంక్షలు పెట్టారు. కొన్ని వారాలే అన్నారు. చివరి ఆంక్ష ఎత్తేసింది 2012 జూన్‌లో. ఇరవై ఆరేళ్లు! గొర్రెను కొలిచి, పరిమితి దాటితే రంగు గుర్తు వేసి అమ్మకుండా ఆపేవారు. ఆ కాపరులు రియాక్టరు కట్టమని అడగలేదు, దాని కరెంటు వాడలేదు, అది ఏ దేశంలో ఉందో కూడా చాలామందికి అప్పటిదాకా తెలిసి ఉండదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తుమ్మలపల్లెలో తవ్వే రాయిలో టన్నుకు అర కిలో యురేనియం కూడా ఉండదు. అంటే తవ్విన రాయి దాదాపు అంతా పొడై, రసాయనాల నీటితో కలిసి వ్యర్థాల చెరువులోకి పోతుంది. రేడియం వంటివి ఆ పొడిలోనే మిగులుతాయి. కాబట్టి ఆ చెరువు అడుగు, కట్ట ఎలా ఉన్నాయన్నదే అక్కడ అసలు భద్రత. చుట్టుపక్కల ఊళ్ల అరటి రైతులు బోరు నీరు మారిందని, మొక్కలు వాడిపోతున్నాయని ఏళ్లుగా అంటున్నారు. చెరువు అడుగున వేయాల్సిన పొర విషయంలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో కంపెనీకి నోటీసు ఇచ్చింది. ఆ ప్రాంతపు రాతిలోనే యురేనియం ఉందని, నీటిలో కనిపించేది సహజమైనదేనని కంపెనీ వాదన.

ఎవరి మాట నిజం? ఇక్కడ రైతుకు దొరికే జవాబు చూడండి. వ్యర్థ జలాలు రాష్ట్ర కాలుష్య మండలి పని, అణుధార్మికత ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి పని, గని లోపలి భద్రత మరో కేంద్ర విభాగం పని. ఒకాయన దగ్గరికి పోతే ఇంకో ఆయన దగ్గరికి పొమ్మంటాడు. తాగునీటిలో యురేనియం ఎంతవరకు ఉండవచ్చన్న దానికి కూడా చాలాకాలం ఒక్క లెక్క లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములంటే, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది. భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో 30 అని పెట్టింది. 45 మైక్రోగ్రాములు వచ్చిన బోరు నీళ్లు ఒక లెక్కలో చెడ్డవి, ఇంకో లెక్కలో మంచివి. ఆ నీళ్లు తాగే మనిషి ఒక్కడే.

కొవ్వాడలో ఇంకా రియాక్టరు లేదు కాబట్టి అక్కడ ఇప్పుడు అడగవలసినవి ఎక్కువ ఉన్నాయి. నియమం ప్రకారం కేంద్రం చుట్టూ కిలోమీటరు మేర ఎవరూ ఉండకూడదు. అయిదు కిలోమీటర్ల వరకు జనాభా పెరిగే పనులు పెట్టకుండా చూడాలి. ప్రమాదమొస్తే ఏం చేయాలన్న ప్రణాళిక 16 కిలోమీటర్ల వరకు ఉండాలి. భూసేకరణ నోటీసులు కిలోమీటరు లోపలి వాళ్లకే వస్తాయి. మిగతా పదిహేను కిలోమీటర్లలో ఉన్న జీడితోటల రైతుకు, సరుగుడు రైతుకు, వేటకు పోయే మత్స్యకారుడికి నోటీసు రాదు, పరిహారం రాదు. ప్రమాద ప్రణాళికలో మాత్రం వాళ్ల ఊళ్ల పేర్లుంటాయి. ఆ ప్రణాళికను నడపాల్సింది జిల్లా కలెక్టరు. తుఫాను వచ్చిన రాత్రి పశువులను ఎక్కడికి తోలాలో చెప్పడానికే మన దగ్గర ఇంకా సరైన ఏర్పాటు లేదు.

పరిహారం సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోదాం. 2010 చట్టంలో ప్రమాదం జరిగితే కేంద్రం నడిపేవాళ్ల బాధ్యత 1,500 కోట్లని పెట్టారు. ఆస్తి నష్టానికి పదేళ్లలోపు, ప్రాణ, శరీర నష్టానికి ఇరవయ్యేళ్లలోపు అడగాలన్నారు. వెల్ష్ గొర్రెల ఆంక్షలే ఇరవై ఆరేళ్లు నడిచాయని పైన రాశాం. లోపమున్న సామాను అమ్మిన కంపెనీ మీదికి కూడా పోయే వీలు ఆ చట్టంలో ఒక్క సెక్షన్‌లో పెట్టారు. విదేశీ కంపెనీలకు గుచ్చుకున్నది అదే. సవరణ అనగానే మొదట కత్తెర పడేది అక్కడేనని మనం అప్పుడే అనుమానించాం.

అందుకే మన మాట చేరాలి. నియంత్రణ మండలిని అణుశక్తి శాఖ నుంచి విడదీసి పార్లమెంటుకు నేరుగా లెక్క చెప్పేలా పెట్టాలి. ప్రైవేటు కంపెనీ రియాక్టరు పెట్టిన తరువాత నామమాత్రపు జరిమానాతో దాన్ని ఆపగలమనుకోవడం హాస్యాస్పదం. తనిఖీ నివేదికలు ఆయా జిల్లాల్లో తెలుగులో, గ్రామ సచివాలయంలో దొరకాలి. నీరు, పాలు, ధాన్యం కొలిచే పని శాఖతో సంబంధంలేని విశ్వవిద్యాలయానికి కూడా సమాంతరంగా ఇవ్వాలి. రెండు మిషన్లు ఉంటే ఒకదాని తప్పు ఇంకొకటి పట్టిస్తుంది. ఈ మాటలతో ముసాయిదా వినతిపత్రం మండల కమిటీలకు పంపుతున్నాం. మీ పార్లమెంటు సభ్యులు ఏ పార్టీ వాళ్లయినా సరే, చేతికిచ్చి రసీదు తీసుకోండి.

ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా మన చేతిలో చేయగలిగిన పని ఒకటుంది. తుమ్మలపల్లెలో వాదన తెగకపోవడానికి ఒక కారణం, గని రాకముందు తన బోరులో నీరు ఎలా ఉండేదో చూపించే కాగితం రైతు చేతిలో లేకపోవడం. కొవ్వాడ చుట్టూ ఆ తప్పు జరగకూడదు. రణస్థలం, ఆ పక్క మండలాల కమిటీలు ఊరికి అయిదు బావులు లేదా బోర్లు ఎంచుకోవాలి. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో నీరు పరీక్ష చేయించాలి. ఖర్చు జిల్లా కమిటీ భరిస్తుంది. సీసా మీద సర్వే నంబరు, తేదీ, తీసినవాళ్ల సంతకం, ఊరి పెద్దలిద్దరి సాక్షి సంతకాలు ఉండాలి. రిపోర్టు అసలు కాగితం రైతు దగ్గరే, పాసు పుస్తకంతో పాటు ఉండాలి. నకలు సంఘం ఆఫీసులో పెడతాం. వానలు పడితే నీటి లెక్క మారిపోతుంది కాబట్టి మొదటి విడత నమూనాలు తొలకరికి ముందే తీయాలి. రెండో విడత సంక్రాంతి తరువాత.